టోకెన్ లేని మనిషి

మహిపాల్ గుటకేసిన చాయ్ మళ్ళీ ఊపిరితిత్తుల దారి పట్టింది. దగ్గి దగ్గి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

క్యాన్సర్ అని స్వరపేటిక తీసేసి, మాట కోసం గొంతులో పెట్టిన చిన్న వాల్వు అది. మళ్ళీ కారుతోంది.

క్యాన్సర్‌కు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్న గొంతుల్లో అది కొందరికి ఏళ్ళు నిలుస్తుందట, కొందరికి నెలలు కూడా ఆగదట. ఆ పాడు కొందరిలో తానే ఎందుకుండాలని అతని మంట.

సోమవారం నాచారం షెడ్డులో మళ్ళీ డ్యూటీకెక్కాలి. మిషన్ల మధ్య కేకేయలేని సూపర్‌వైజర్ నాకెందుకని ఓనరు మొహం మీదే అనేశాడు.

అందుకే ఉప్పల్ క్లినిక్‌లో టోకెన్ పట్టుకొని పొద్దుటి నుంచీ కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడొక పెద్దాయన. మెడకు తువ్వాలు, చంకలో సంచి. ఎవరినీ ఒక్క మాట అడక్కుండా తిన్నగా డాక్టరమ్మ తలుపు మీద చెయ్యి వేశాడు.

మహిపాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అడ్డం నిలబడ్డాడు. మాట రావడానికి మెడ మీది ఊపిరి రంధ్రాన్ని బొటనవేలితో మూసి గరగరమన్నాడు.

"టోకెనేది? గీడ కూసున్నోళ్లమంత పిచ్చోళ్లమా?"

పెద్దాయన చెయ్యి ఊపాడు. పక్కకు జరగమంటున్నాడనుకొని మహిపాల్ ఇంకా రెచ్చిపోయాడు.

"అడుగుతుంటే నోరిప్పవేంది? గంత పొగరా?"

పెద్దాయన సంచిలో చెయ్యి పెట్టబోతే తోసేశాడు. బెంచీల మీదివాళ్ళూ వంత పాడారు. ఆయన గడియారం వంక చూసి, తలొంచుకొని మెట్లు దిగిపోయాడు.

మంచి పని చేశానని మహిపాల్ మీసం దువ్వుకున్నాడు.

లోపల డాక్టరమ్మ ప్రజ్ఞ గొంతు కొలిచి, పాత సైజేనని, అది స్టాకు లేదని, తెప్పించడానికి నెల పడుతుందని చెప్పింది. మహిపాల్ బల్ల గుద్దాడు. గరీబోడంటే అందరికీ అలుసేనన్నాడు. ఆమె ఓపిగ్గా, అదే సైజుది, సీలు తీయనిది ఒకాయన తెస్తానన్నారని చెప్పింది.

"ఎప్పుడొస్తడట? ఆయనకేం ఫికర్, నౌకరి పోయేది నాది."

"ఈపాటికి రావాలండీ. మొన్న నేను చెబితే మీ నౌకరి సంగతి తెలిసి, రైలుకు వెళ్తూ ఇచ్చి పోతానన్నారు రామచంద్రరావుగారు. కరెంటు పెట్టాక ఆయన గొంతులో వాల్వు పెట్టే రంధ్రం వదులైపోయి ఏదీ నిలవలేదు, చివరికి మూసేశాం. ఇక మాట రాదు కదా, టోకెన్ అదీ అడగలేరని తిన్నగా నా గదికే రమ్మన్నాను."