దున్ననివ్వని మూల

గడ్డపార ఎత్తిన దేవేంద్ర చేయి అలాగే ఆగిపోయింది. తవ్వాల్సిన చోట అతని తల్లి పెంచలమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తవ్వబాక" అంది. అంతే.

ఈ మూలలో పూసే పూలను కాపాడాలనే కదా మహిత పొద్దున్నే తిరుపతి నుంచి వ్యానులో ట్రేలు, గోనెసంచులు వేసుకుని పరుగెత్తుకొచ్చింది! ఎవరైనా అడ్డుపడతారంటే అది రోడ్డు కాంట్రాక్టరే అనుకుంది గానీ, పెంచలమ్మ అడ్డం కూర్చుంటుందని కలలో కూడా అనుకోలేదు.

కార్వేటినగరం కొండల కింద ఉంది దేవేంద్ర చేను. చేనంతా వేరుశనగ. కొండ వైపు మూల మాత్రం, నాలుగు మంచాలు పట్టేంత చోటు, బోద గడ్డితో అలాగే వదిలేసి ఉంటుంది. తొలి వానలు పడగానే ఆ గడ్డిలో ఆకన్నది లేకుండా సన్నటి కాడలు లేచి, ఊదారంగు చారల పూలు విచ్చుకుంటాయి. నేలలో పెరిగే అడవి ఆర్కిడ్లు అవి. చుట్టుపక్కల కొండవాలుల్లో ఒకప్పుడు బాగానే ఉండేవట. దున్నకాలకూ గ్రావెల్ తవ్వకాలకూ ఒక్కో చోటా పోయాయి. వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మహిత చెప్పులరిగేలా తిరిగితే చివరికి ఈ మూలలో కనిపించాయి.

ఎందుకు మిగిలాయో దేవేంద్రే చెప్పాడు. తను పుట్టకముందు నాయన ఆ మూలను కూడా దున్నబోతే, అమ్మ ఎద్దుల ముందు పడుకుందట. నాయన నోటికి ఊరంతా జడిసేది. ఆ రోజు మాత్రం ఆయన ఒక్క మాట అనకుండా మడక విప్పుకుని ఇంటికి వెళ్లిపోయాడట. ఒక్కగానొక్క కొడుకునైన తనను కూడా ఆ మూలలో పార పెట్టనిచ్చింది లేదని, గొడ్డు అటు తిరిగినా కర్ర పట్టుకుని పరుగెత్తేదని దేవేంద్ర నవ్వుతూ చెప్పాడు.

మహిత పొంగిపోయింది. 'పూలకు కాపలా కాసే అవ్వ' అని పత్రికకు వ్యాసం రాసింది. అచ్చయిన ఫొటో తెచ్చి చూపిస్తే, ముక్కు మరీ లావుగా పడిందని తప్ప పెంచలమ్మ ఇంకేమీ అనలేదు. మహితకు అందులోనూ వినయమే కనిపించింది. ఒకరిని నెత్తిన పెట్టుకున్నాక వాళ్లేం చేసినా ముద్దుగానే ఉంటుంది మరి.

ఇప్పుడు కొత్త రోడ్డు సరిగ్గా ఈ మూల మీదుగా పోతోంది. జేసీబీ చప్పుడు కొండ మలుపు దగ్గర వినిపిస్తూనే ఉంది.

మహిత అవ్వ పక్కనే కూలబడి బతిమాలింది. సాయంత్రానికి జేసీబీ ఇక్కడికి వస్తుందని, వచ్చిందంటే ఒక్క మొక్క కూడా మిగలదని చెప్పింది.

"పూలే గదమ్మా, కోసకపో. మన్ను మాత్రం తవ్వబాక."

మహిత నివ్వెరపోయింది. పూలే కదా అంటుందేమిటి ఈవిడ? తను రాసిన అవ్వ ఈవిడేనా? కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"వయసైపోయిండాది మేడమ్. నేను లేపుతా ఉండండి" అని దేవేంద్ర తల్లి భుజం పట్టుకోబోయాడు. మహిత వారించి, ఓపికగా మొదటినుంచీ చెప్పుకొచ్చింది. పువ్వు కోస్తే వాడిపోతుంది, బతికేది దుంప. దుంపను ఊరికే పీకినా లాభం లేదు. ఈ మట్టిలో కంటికి కనబడని బూజు ఒకటి ఉంటుంది, ఈ పూల విత్తనానికి తిండి పెట్టి పెంచేది ఆ బూజే. అందుకే మట్టితో సహా తీసుకెళ్లాలి.

"ఈ మన్నే వాటికి తల్లి అవ్వా. తల్లి నుంచి విడదీస్తే బతకవు."

పెంచలమ్మ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది.

"యాడికి తీసకపోతావు?"

"తిరుపతిలో మా తోటకు. చుట్టూ కంచె ఉంది."

"ఆడ ఎవురూ తవ్వరా?"

"ఎవరూ పార పెట్టరు. రోజూ నేను చూసుకుంటా."

"నేనొచ్చి సూసుకోవచ్చునా?"

ఎప్పుడైనా రావచ్చని, బస్సు దిగి తన పేరు చెబితే చాలని మహిత ఆమె చేతిలో చేయి వేసి మాట ఇచ్చింది. పెంచలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మోకాళ్లు పట్టుకుని లేచి పక్కకు జరిగింది. మహితకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

దేవేంద్ర జాగ్రత్తగా గడ్డపార దించాడు. మహిత మట్టిపెళ్లలతో సహా దుంపలను రెండు చేతులా ఎత్తి ట్రేలలో పెట్టుకుంది. మూరెడు లోతు వచ్చేసరికి దుంపలు అయిపోయాయి. చివరి ట్రే వ్యానులోకి ఎక్కించి, ఇక బయలుదేరతానంది.

పెంచలమ్మ గుంత దగ్గరనుంచి కదల్లేదు.

"ఇంకా తవ్వు. నడుము లోతు దాకా."

అంత లోతుకు దుంపలు పోవని, అన్నీ వచ్చేశాయని మహిత నచ్చజెప్పింది.

"విడదీయనంటివి గదమ్మా. తవ్వు."

పూల మీద ఇంత ప్రేమా అని మహితకు కళ్లు చెమర్చాయి. దేవేంద్రకు మాత్రం ఓపిక చచ్చిపోయింది. గడ్డపార పక్కన పడేశాడు.

"ఇంకా ఏముండాదమ్మా ఆడ?"

పెంచలమ్మ గుంతలోకే చూస్తూ అంది.

"మీ అక్క ఉండాది."