ఎదురు శుక్రుడు

“అదిగో బాబూ, చూడండి. సరిగ్గా మీ దారికి ఎదురుగా ఉన్నాడు,” అన్నాడు దేవీప్రసాద్ మాస్టారు, డాబా మీద నిలబడి పడమటి వైపు వేలు చూపిస్తూ.

అల్లుడు బాబ్జి చూశాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు రేకుల మీదుగా, ఎర్రబారిన ఆకాశంలో శుక్రుడు ఒంటరిగా వెలిగిపోతున్నాడు. ఆ దిక్కునే ఎస్. రాయవరం. ఆ దిక్కునే బాబ్జి ఇల్లు. చంటిబిడ్డతో తల్లి శుక్రుడికి ఎదురెళ్లకూడదన్నది పెద్దల మాట. అందుకని కూతురు బిందుమాధవినీ, ఐదో నెల మనవరాలినీ ఇప్పుడు పంపలేనన్నది మామగారి మాట.

బాబ్జికి నమ్మబుద్ధి కాలేదు. పాతికేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి, ఇదే డాబా మీద టెలిస్కోపు పెట్టి వీధి వీధికీ శనిగ్రహం చూపించిన మనిషా ఈ మాటంటున్నది? కూతురి పెళ్లికి మూఢం అడ్డొస్తే, ‘మూఢమా, మన మూఢత్వమా’ అని పురోహితుణ్ణే నవ్వించి తాళి కట్టించిన మనిషా? ఉద్యోగంతో పాటు బుర్ర కూడా రిటైరైపోయిందని తీర్మానించుకున్నాడు.

పెళ్లాం బిడ్డల కోసం అతను రావడం ఇది మూడోసారి. మొదటిసారి పాపకు జలుబన్నారు. రెండోసారి బిందుకు నడుంనొప్పన్నారు. ఇప్పుడు జలుబూ లేదు, నొప్పీ లేదు, శుక్రుడు తయారయ్యాడు. అక్కడ ఇంటి దగ్గర అతని అమ్మ ఉయ్యాల కట్టించి ఎదురు చూస్తోంది. నీ పెళ్లాం ఇంకా రాలేదేటని టీకొట్టు దగ్గర అడిగేవాళ్లకి జవాబు చెప్పలేక టీ మానేశాడు. ఆకాశంలో చుక్క పొడిచేసరికి గొంతులో చుక్క పడితే గాని ఉండలేకపోతున్నాడు. పడటం పెళ్లైన నాటి నుంచీ పడుతోంది గాని, ఇప్పుడు కారణం దొరికింది.

బాబ్జికి ఒళ్లు మండింది. అతని ఆగ్రహం మామూలు గ్రహం కాదు. ఎస్. రాయవరం ఇంట్లో అది ఉదయించిందంటే కంచమూ, గ్లాసూ, ప్లాస్టిక్ కుర్చీ బిందు చుట్టూ గాల్లో తలో కక్ష్యలో తిరిగేవి. మర్నాడు ఆ సంగతంతా తనే అభినయించి చూపిస్తే స్నేహితులు పడీ పడీ నవ్వేవారు. ఇది అత్తారిల్లు కనుక ఆగ్రహం కాస్తా నిగ్రహమైంది.

“ఏటి మావయ్యా, ఈ శుక్రుడు పడమట్లోనే కాపరం పెట్టేసేడా? ఎప్పుడు కదుల్తాడు?” అన్నాడు.

పాఠం చెప్పే అవకాశం వస్తే మాస్టారు తన్ను తాను ఆపుకోలేడు. భూమి కన్నా లోపలి దారిలో సూర్యుడి చుట్టూ తిరిగేవాడు కనుక శుక్రుడు మనకెప్పుడూ సూర్యుడికి దగ్గర్లోనే కనిపిస్తాడనీ, అర్ధరాత్రి నడినెత్తిన ఎవరికీ దొరకడనీ చెప్పాడు. కొన్నాళ్లు పొద్దుగూకాక పడమర, కొన్నాళ్లు పొద్దు పొడవక ముందు తూర్పు, మధ్యలో సూర్యకాంతిలో మునిగి మాయం. ఉగాదికి అటూ ఇటూగా తూర్పుకి మారిపోతాడని కూడా అని, అన్నాక నాలిక కరుచుకున్నవాడిలా ఆగిపోయాడు.

“అయితే ఉగాది ఎల్లాక మా ఇంటికొత్తే ఈపు యెనకుంటాడన్నమాట,” అని బాబ్జి పకపకా నవ్వాడు.

ఆ నవ్వుకి మెట్ల మీద ఉన్న బిందు పాపను గుండెలకు హత్తుకుని చరచరా లోపలికి వెళ్లిపోయింది. చలిగాలి తగులుతుందని కాబోలు అనుకున్నాడు బాబ్జి.

ఆ రోజు నుంచి అతను ఖగోళ శాస్త్రంలో పడ్డాడు. ఫోన్లో ఆకాశం చూపించే యాప్ వేయించుకున్నాడు. వారం వారం శుక్రుడు కిందికి జారుతుంటే, ఊరొదిలి పోతున్న శత్రువుని సాగనంపినంత సంబరపడ్డాడు. ఒక సాయంత్రం పడమర ఖాళీ అయింది. ఉగాది వెళ్లిన కొద్ది రోజులకి, తెల్లవారుజామున, తూర్పున శుక్రుడు తళుక్కున మెరిశాడు.

మరుసటి వేకువనే కారు మాట్లాడుకుని అనకాపల్లి వచ్చేశాడు. మామగారిని నిద్ర లేపి డాబా ఎక్కించాడు.

“సూడండి మావయ్యా. తూర్పు.”

మాస్టారు చూశాడు. పాతికేళ్లు పిల్లలకు చూపించిన ఆకాశంలో ఇప్పుడు ఆయనకు దాక్కోవడానికి చోటు లేకపోయింది. ఈ రోజు మంగళవారం కదా అని గొణిగాడు. కాదు, గురువారమని బాబ్జి గుర్తు చేశాడు. మాస్టారు కళ్లు తప్పించి మెట్ల వైపు చూడటం గమనించి, ఓడిపోయినందుకు సిగ్గుపడుతున్నాడనుకుని జాలిపడ్డాడు కూడా.

అలికిడికి బిందు డాబా మీదికి వచ్చింది. చేతిలో సంచి లేదు. చంకలో పాప లేదు. మాస్టారు గబుక్కున వెళ్లి ఇద్దరికీ మధ్య నిలబడ్డాడు.

బాబ్జి మామగారి భుజం మీదుగా తొంగి చూశాడు. “మీ నాన్నకి నువ్వైనా సెప్పు బిందూ. శుక్రుడు తప్పుకున్నాడు. ఇంకా ఎవడు అడ్డం?”

బిందు తండ్రి భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. ఇన్ని నెలల్లో మొదటిసారి మొగుడి కళ్లలోకి సూటిగా చూసింది.

“శుక్రుడు ఎదురని చెప్పమన్నది నేనే.”