మచ్చలేని ఫిల్ము

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలు కట్టిపెట్టండి. మధ్యలో ఎవరైనా దగ్గితే కథ బెదిరి పారిపోతుంది, నాకు సంబంధం లేదు.

"ఆ డబ్బాకి దుమ్ము పట్టిందమ్మా, అంతే," అన్నాడు చీకటి బాబాయ్ డాక్టరమ్మతో, ఎక్స్‌రే మిషన్ చూపిస్తూ.

ఆస్పత్రి చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగీ కడిగీ అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. అతను కడిగితే అమావాస్య కూడా తెల్లబడుతుందని చెప్పుకునేవారు. ఫిల్ము అక్కర్లేని కొత్త మిషన్ వచ్చి వారమైంది. ఇవాళ రొమ్ము పరీక్షకు అతని సొంత చెల్లెలే వచ్చింది. కంప్యూటర్ తెర మీద ఆవిడ బొమ్మలో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"దీనికి ఫిల్మే లేదు బాబాయ్, దుమ్ము ఎక్కడ పడుతుంది?" అంది డాక్టరమ్మ. "రెండేళ్ల కిందట తీసిన ఫిల్ము పట్రా. అందులోనూ ఈ చుక్కలు ఇన్నే ఉంటే భయం లేదు. లేకపోయినా, పెరిగినా, ముక్క తీసి పరీక్షకు పంపాలి."

"నువ్వు కడిగిందేగా అన్నయ్యా, బాగానే ఉంటుందిలే," అంది చెల్లెలు, ఆస్పత్రి గౌను తాళ్లు ముడేసుకుంటూ.

బాబాయ్ పాత బీరువాలో ఆమడ లోతు దిగి, తుమ్ముకుంటూ ఫిల్ముతో తేలాడు. డాక్టరమ్మ దాన్ని లైటు పెట్టెకి తగిలించింది. అద్దంలా ఉంది. ఒక్క చుక్క లేదు.

"హమ్మయ్య," అంది చెల్లెలు.

"హమ్మయ్య కాదమ్మా. అప్పుడు లేవంటే, ఇవి కొత్తగా పుట్టాయన్నమాట," అంది డాక్టరమ్మ.

బాబాయ్ ఫిల్ము దగ్గరికి వచ్చాడు. చెల్లెలి వంక చూశాడు, లైటు పెట్టె వంక చూశాడు.

"ఉన్నాయమ్మా," అన్నాడు. "అప్పుడూ ఉన్నాయి."

"ఎక్కడ?"

"దుమ్మనుకున్నాను. తెల్ల చుక్క కనపడితే చాలు, ఫిల్ము సరిగ్గా కడగలేదని మీరు నన్ను కడిగేసేవారు కదా. అందుకని అగ్గిపుల్ల సన్నగా చెక్కి, నల్ల సిరాతో కప్పేశాను."

"దీనికొక్కదానికేనా?"

అతను నేలచూపులు చూశాడు. అంతలోనే ఏదో తోచి మొహం వికసించింది. "అప్పుడూ ఉన్నాయంటే గండం గడిచినట్టేగా అమ్మా? మీరేగా అన్నారు."

డాక్టరమ్మ దూది స్పిరిట్‌లో ముంచి ఫిల్ము మీద మెల్లగా తుడిచింది. నలుపు కరిగి ఒక చుక్క తేలింది. ఇంకోటి. మూడోది. ఎంత తుడిచినా నాలుగోది రాలేదు.

ఆవిడ తెర వైపు తిరిగి వేలితో లెక్కపెట్టసాగింది. ముప్పై దాటాక వేలు దించేసింది.

"రెండేళ్లా, అన్నయ్యా?" అంది చెల్లెలు. గౌను తాళ్లు ముడిపడనే లేదు.

గుమ్మం దగ్గర నిలబడి మొదట్నుంచీ అంతా వింటున్న వాచ్‌మన్, బాబాయ్‌కి ప్రాణస్నేహితుడు, ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఎవరేమన్నా సరే డాక్టరమ్మా, ఈ కొత్త మిషన్ శుద్ధ దండగ. మా బాబాయ్ చేతికిచ్చుంటే, ఒక్క మచ్చ కూడా కనపడనిచ్చేవాడు కాదు."