మైకు రాని ఫోను

"ఎక్కేసింది అత్తయ్యా! మీ పాత ఫోన్లో కొత్త ఆండ్రాయిడ్!" అంది సాయిప్రసన్న అత్తగారు రత్నమాణిక్యంతో. ఆండ్రాయిడ్‌కూ ఫోను విడిభాగాలకూ మధ్య మాట నడిపే కెర్నెల్‌ని మార్చి రాయడానికి ఆమె సెలవులన్నీ హరించుకుపోయాయి.

అంతలోనే ఫోను మోగింది. కోరుకొండ నుంచి అత్తగారి చెల్లెలు వెంకటదుర్గ. రత్నమాణిక్యం స్పీకర్ నొక్కి, పలకరింపైనా లేకుండా తన మిక్సీ పాడైన కథ ఎత్తుకుంది.

"హలో... అక్కా? మాట్లాడవేంటి?"

సాయిప్రసన్న నాలుక కరుచుకుంది. మైకు పనిచెయ్యడం లేదు! రత్నమాణిక్యం గొంతు పెంచింది. వీధి చివరిదాకా వినిపించింది గానీ చెల్లెలికి వినిపించలేదు.

"కోపమా? పోనీలే. ఇవాళైనా నన్ను చెప్పనీ. నాకు కంటి ఆపరేషనన్నారక్కా. భయంగా ఉంది. నీకు చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ చేసినా, నువ్వు సందిస్తేగా! నీ మాటలయ్యేలోపు ఇక్కడ పాలు పొంగిపోతాయి."

సాయిప్రసన్న కంగారుగా తన ఫోను తీసింది. "దీంతో మాట్లాడండి అత్తయ్యా."

"ఆగమ్మా," అంది రత్నమాణిక్యం నెమ్మదిగా. "దాన్ని చెప్పనీ."

వెంకటదుర్గ ఏడ్చింది, ముక్కు చీదింది, చివరికి తేలికపడి ఫోను పెట్టేసింది. అప్పుడు రత్నమాణిక్యం కోడలి ఫోను అందుకుని చెల్లెలికి చేసింది.

"నేనేనే. అంతా విన్నాను. ఆపరేషనెప్పుడు? నేనొచ్చి నీ దగ్గరుంటాను. ఊఁ, చెప్పు."

అవతల చెల్లెలు మొదలుపెట్టింది. మధ్యలో రత్నమాణిక్యానికి నోరు ఆగలేదు. గబుక్కున మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.