ఆఖరి అచ్చు

ముందు వరుసలో ఆవిడ కనపడగానే కాంట్రాక్టరు వెనక స్తంభం చాటుకి తప్పుకున్నాడు. వెళ్లిపోదామనుకున్నాడు. కానీ వెళ్తే బొమ్మ పోతుంది.

వేలం హాలు చల్లగా ఉంది. మెత్తటి కుర్చీలు, మెత్తటి మాటలు. చేతికి కాయ అన్నది ఎరగని పెద్దమనుషులు పాటకి ఎత్తే నంబరు అట్టలు ఒళ్లో తిప్పుకుంటున్నారు. వాళ్ల ఎదురుగా, స్టాండు మీద, మిల్లు గేటు ముందు లాఠీల కింద కూలిపోతున్న కార్మికుడు. రాగి రేకు మీద చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ.

సమ్మె రోజున మిల్లు ఎదురింటి కిటికీలోంచి ఒక చిత్రకారుడు కళ్లారా చూసి గీశాడు. అచ్చులు తీసింది కొన్నే. తీశాక రేకు మీద అడ్డదిడ్డంగా గీకి పాడుచేశాడు. వాళ్ల పనిలో పద్ధతే అంత. ఇక కొత్త అచ్చు పుట్టదు. ఉన్నవి ఎక్కడ వేలానికొచ్చినా కాంట్రాక్టరు మనిషిని పెట్టి కొనిపించేవాడు. మిగిలింది ఇదొక్కటే. అందుకే తనే వచ్చాడు.

బొమ్మలో కూలిపోతున్నవాడు అతని ప్రాణస్నేహితుడు. పక్కపక్క మగ్గాలు, ఒకే బీడీ చెరి సగం. ఆ దెబ్బలతోనే పోయాడు. ఇతను బతికాడు. బతికి, అదే మిల్లుకి కూలీల్ని తెచ్చే కాంట్రాక్టరయ్యాడు. ముందు వరుసలో కూర్చున్నది ఆ పోయినవాడి పెళ్లాం.

పాట మొదలైంది. పెద్దమనుషులు కాసేపు సరదాకి చేతులెత్తి దించేశారు. ఆవిడ దించలేదు. పాత కార్మికుల దగ్గర చందాలు పోగేసి ఆవిణ్ణి తీసుకొచ్చిన యూనియన్ ముసలాయన పక్కనే ఉండి "ఎత్తమ్మా, ఎత్తు" అంటున్నాడు. వెనక స్తంభం చాటునుంచి కాంట్రాక్టరూ ఎత్తుతున్నాడు. ఎత్తినప్పుడల్లా ఎవరి నోటి దగ్గర కూడో లాక్కున్నట్టుంది. అయినా ఎత్తాడు.

"ఎవడమ్మా ఆ రాక్షసుడు, వదలట్లేదూ!" ముసలాయన వెనక్కి తిరిగాడు. ఆవిడా తిరిగింది.

కాంట్రాక్టరు తల దించుకున్నాడు. ఇప్పుడు అందరి ముందూ దుమ్మెత్తిపోస్తుంది అనుకున్నాడు. పోస్తే బాగుండుననీ అనుకున్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. చేతిలో అట్ట ఒళ్లో పెట్టేసుకుంది.

సుత్తి పడింది. బొమ్మ కాంట్రాక్టరుదైంది.

వరండాలో ఆవిడే వచ్చి పట్టుకుంది.

"అన్నయ్యా, మీరా! ముందే చెప్పొద్దూ? మీరని తెలిస్తే చెయ్యే ఎత్తకపోదును."

"చెల్లెమ్మా, నేను..."

"ఇవన్నీ కొని దాచేస్తున్నది ఎవడో డబ్బు బలిసినవాడనుకున్నాం. స్నేహితుడి కోసం మీరింత పాటుపడుతున్నారని మాకేం తెలుసు!"

"రాక్షసుడన్నాను, మనసులో పెట్టుకోకు నాయనా," అన్నాడు ముసలాయన నసుగుతూ. "ఇంకా చాలా అన్నాను. అవి నీకు వినపడలేదు, బతికిపోయాను."

ఎవరూ నవ్వలేదు. ఆవిడే కాస్త నవ్వి, కళ్లు తుడుచుకుంది.

"నయం, ఆ రోజు మీరు ఊళ్లో లేరు. ఉంటే ఆయన్ని వదిలి పక్కకి జరిగే మనిషా మీరు? మీరూ పోయేవారు."

కాంట్రాక్టరు బొమ్మ రసీదుని మడత మీద మడత పెడుతున్నాడు.

"ఒక్క మాటడుగుతా, కాదనకండి," అంది ఆవిడ గొంతు తగ్గించి. "మా ఇల్లు కారని చోటు లేదు. ఉన్న ఒక్క పెళ్లి ఫొటో వానకి ముద్దయిపోయింది. ఆయన మొహం నాకే మరుపుకొస్తోందన్నయ్యా. మొగుడి మొహం మర్చిపోయే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? ఇందాక దగ్గరకెళ్లి చూద్దామంటే వాచ్‌మన్ తాడు దాటనివ్వలేదు. ఎప్పుడైనా మీ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి చూసుకుపోతా. లోపలికి కూడా రాను."

కాంట్రాక్టరు నోరు దానంతటదే అనేసింది:

"గుమ్మంలో నిలబడ్డమేంటమ్మా. నీకే ఇచ్చేస్తా. రేపు పొద్దున నేనే తెచ్చి మీ గోడకి తగిలిస్తా."

ఆవిడ వంగి కాళ్లు పట్టుకోబోయింది. నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు.

ఇంటికొచ్చి బొమ్మని బల్ల మీద పరిచాడు. స్కేలు తీశాడు. బ్లేడు తీశాడు.

భార్య టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేం చోద్యమండీ! ముందు కొన్నవాటికి చెదలు పట్టాయని తగలబెట్టారు. ఇప్పుడు దీన్ని కోస్తున్నారా?"

"ఆవిడకిస్తానన్నాను. ఫ్రేము చిన్నది. పట్టట్లేదు."

"అయితే ఫ్రేము మార్చాలి గానీ బొమ్మని కోస్తారా ఎవరైనా? చెప్పు కరిస్తే కాలు కోసుకున్నట్టుంది మీ వరస."

"ఆ మూల అంతా నలుపే. అక్కడేముంది? నువ్వెళ్లు."

"మీకేదో అయింది," అని గ్లాసు కిటికీలో పెట్టి వెళ్లిపోయింది.

స్కేలు ఆనించాడు. స్నేహితుడి ఒంటికి బాగా ఎడంగా, లాఠీలకి అవతల, నల్లటి గీతలు అల్లుకున్న ఆ మూలకి బ్లేడు దింపాడు. కాగితం మందంగా ఉంది. ఒక పట్టాన తెగలేదు.

తెగి చేతికొచ్చిన ముక్కలో ఉన్నది ఒక్కడే: గుంపులో స్నేహితుణ్ణి పోలీసులకి వేలెత్తి చూపిస్తున్న, పడుచు వయసులో కాంట్రాక్టరు.