నూట ఎనిమిది చుట్లు

"ఇరవై ఆరు! నడువు, నడువు. మొక్కినప్పుడు లేని కాళ్లనొప్పి ఇప్పుడొచ్చిందా?"

వెనక నుంచి రాజేశ్వరమ్మ తరుముతోంది. ముందు కోడలు త్రివేణి. నాచారం హనుమంతుడి గుడి చుట్టూ ఇంకా ఎనభై రెండు ప్రదక్షిణలు మిగిలి ఉన్నాయి. ఎనిమిదింటికల్లా బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చోవాలి.

ఎవరిననుకుని ఏం లాభం? కొరివితో తల గోక్కుంది తనే.

కాలనీలో పెట్టిన ఉచిత వైద్యశిబిరంతో మొదలైంది ఇదంతా. అత్తాకోడళ్లిద్దరూ రక్తం ఇచ్చారు. రిపోర్టుల కోసం త్రివేణి ఒక్కతే వెళ్లింది. షుగర్ బయటపడింది. ఇప్పుడే మొదలు కాబట్టి రోజూ గంట నడిస్తే చాలన్నాడు డాక్టర్ ఫణీంద్ర. నడవకపోతే మాత్రలు, ఆ తర్వాత సూదులు. మూడు నెలలు చూద్దామన్నాడు.

నడవడం కూడా ఒక కష్టమేనా అంటారా? ఆ ఇంట్లో కష్టమే. అసలు షుగర్ మాటే ఎత్తడానికి లేదు. రాజేశ్వరమ్మ అక్క ఆ జబ్బుతోనే కాలు తీయించుకుని దవాఖానాలో పోయింది. అప్పటి నుంచి ఆ పేరు చెవిన పడితే చాలు, రాజేశ్వరమ్మకు రెండు రోజులు ముద్ద దిగదు.

"పొద్దుగాల జర నడిచొద్దామా అత్తమ్మా?" అని మెల్లగా కదిపి చూసింది త్రివేణి.

"ఉత్తగ రోడ్ల పొంటి తిరుగుడేంది? పనిలేనోళ్ల యవ్వారం! నలుగురు సూస్తే నవ్వరా?"

మూడోరోజు త్రివేణి నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది. పిల్లల కోసం మొక్కుకున్నానంది. మండలం పాటు, రోజుకు నూట ఎనిమిది ప్రదక్షిణలు.

పెళ్లయి నాలుగేళ్లు. రాజేశ్వరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దేవుని పని గద బిడ్డా, నేను గూడ తిరుగుత. ఒక్కదానివైతే లెక్క తప్పుతవ్."

అంతే, బోను తలుపు పడింది. వానొచ్చినా సెలవు లేదు, జ్వరమొచ్చినా లేదు. గుడి మెట్ల మీది ఆడవాళ్లు "ఏమన్న విశేషమా?" అంటూ పొట్ట వంక చూసేవారు. నెలలో ఆ నాలుగు రోజులూ త్రివేణి గేటు బయటే నిలబడేది. మొక్కు ఆగకూడదని అత్త ఒక్కతే కోడలి పేరు చెప్పుకుంటూ నూట ఎనిమిదీ తిరిగేది. వాడిపోయిన ఆ ముఖం చూడలేక త్రివేణికి ఏడుపొచ్చేది. పారిపోవాలనిపించేది.

మండలం పూర్తయింది. మూడు నెలలు కాలేదే! చచ్చినట్టు ఇంకో మండలం మొక్కింది.

"అమ్మకు చెప్పెయ్యరాదు? ఎన్ని దినాలు గిట్ల?" అన్నాడు మొగుడు మహిపాల్.

"చెప్తే ఏమైతదో నీకెరుక లేదా? నువ్వు సప్పుడు జెయ్యకు."

రెండో మండలమూ గడిచింది. మళ్లీ శిబిరం పెట్టారు. మళ్లీ ఇద్దరూ రక్తం ఇచ్చారు. రిపోర్టుల రోజు రాజేశ్వరమ్మ కూడా వెంట వచ్చింది. ఏ చల్లని కబురు వింటానో అని బయట బల్ల మీద చేతులు జోడించుకుని కూర్చుంది.

లోపల త్రివేణి కుర్చీ అంచున కూర్చుని డాక్టరు చేతిలోని కాగితాల వైపే చూస్తోంది.

"శెభాష్! మామూలుకొచ్చేసింది. మాత్రలు కూడా అక్కర్లేదు" అన్నాడు డాక్టరు. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇంతకీ షుగర్ తనకేనని మీ అత్తగారికి ఇప్పటికైనా చెప్పారా?"