మొదటి సవారీ

ఎగిరే ఆటోల రిపేరు నేర్చుకోవడానికి రెండేళ్ల డిగ్రీ చాలు. కానీ అనకాపల్లి షెడ్డులో ఉద్యోగం రావాలంటే, బాగుచేసిన ఆటోలో మొదట సొంతమనిషే ఎక్కాలి. "రెండేళ్లలో ఏం నేర్పుతారే?" అని ఇన్నాళ్లూ సణిగిన సింహాచలమే, కూతురు నూకరత్నం బాగుచేసిన ఆటో ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

రెక్కలు తిరగసాగాయి. నూకరత్నం చెవులు రిక్కించింది.

"దిగు నాన్నా. ఎడమ రెక్క చప్పుడు తేడాగా ఉంది."

"ఆయన దిగితే నీకు ఉద్యోగం లేనట్టే," అన్నాడు సూపర్‌వైజరు గడియారం చూస్తూ.

"పర్లేదమ్మా, కూకుంటాను," అన్నాడు సింహాచలం. ఒళ్లంతా చెమటలు పట్టేశాయి.

"దిగమంటున్నానా!" అని అరిచింది కూతురు.

అతను దిగి, సూపర్‌వైజరు కళ్లలోకి సూటిగా చూశాడు.

"మా పిల్లకి పనొచ్చండి," అన్నాడు.